మందు తిన్న అంపైరు

ఈ ఏడు కూడా ఆ ఆటగాణ్ణి తీసుకోలేదట. మొన్న షాపులో కరెంటు పోయి, పక్క మేడ వాళ్ళు జనరేటర్ ఇంకా వెయ్యక, కౌంటర్ వెనక ఊరికే ఫోన్ చూస్తూ కూర్చుంటే ఆ వార్త కనిపించింది. అమెరికాలో బేస్‌బాల్ ఆడి గొప్ప పేరు తెచ్చుకున్నవాళ్ళ కోసం ఒక గౌరవ మందిరం ఉంది. ఏటా ఓట్లు వేసి కొందర్ని అందులోకి తీసుకుంటారు. ఇతను బంతిని మైదానం దాటించినన్నిసార్లు దాటించినవాళ్ళు చాలా కొద్దిమంది. అయినా తీసుకోరు. మందు తిన్నాడు కాబట్టి.

నాకు బేస్‌బాల్ తెలీదు, చూడను కూడా. కానీ ఆ పేరు చూడగానే ఫోన్ కౌంటర్ మీద బోర్లా పెట్టేశాను. ఈ కబురు చెప్పాల్సిన మనిషి పోయి రెండు వానాకాలాలు గడిచాయి.

ఆయన ఈ బర్మా ఊళ్ళో, తామ్వే పేటలో, మా షాపుకి ఎదురు మేడలో, నాలుగో అంతస్తులో ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఈ ఊళ్ళో మన భాష మాట్లాడేవాళ్ళు మనకి ఏదో ఒకటి కావాలి కనక నాకు మావయ్య అయ్యాడు, ఆయన భార్య అత్త అయింది. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాడు. ఈయన మూటల దగ్గర ఆగకుండా ఓడెక్కాడు. ఇంజన్ గదిలో నూనె పొయ్యడం, వేడి పైపులకి చుట్టిన పాత పట్టీలు ఊడదీసి కొత్తవి చుట్టడం ఆయన పని. ఓడలు మానేశాక చౌక్తడాలో ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తాగా కుదిరాడు.

బస్‌స్టాపులో ఆయన్ని చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. మోకాళ్ళు కాస్త వంచి, బరువంతా వెనక కాలి మీద వేసి, గెడ్డం భుజం మీదికి తెచ్చి, రోడ్డు చివరికి రెప్ప వెయ్యకుండా చూస్తూ నిల్చునేవాడు. బస్సు రావడం కాదు, ఎవరో బంతి విసరడం చూస్తున్నట్టు. బస్సు దగ్గరికొచ్చాక మామూలు మనిషై గొడుగు ముడుచుకుని ఎక్కేవాడు.

మా వీధి టీ షాపులో ఇంగ్లీషు ఫుట్‌బాల్ తప్ప ఇంకో ఆట ఉందని ఎవరూ ఒప్పుకోరు. ఈయనొక్కడే బేస్‌బాల్ అనేవాడు. మా నాన్న ఒకసారి, "అదేటి బావా, మన బిళ్ళంగోడే కదా," అన్నాడు.

"కాదు బావా. బిళ్ళంగోడులో బిళ్ళని నువ్వే లేపుకుంటావు, నువ్వే కొడతావు. ఇందులో ఎదరోడు ఇసురుతాడు. ఆడేటి ఇసురుతాడో నీకు తెల్దు. రెప్ప ఏస్తే అయిపోనాది." ఆ మాటంటూ ఆయన టీ కప్పుని గాల్లోనే ఆపేశాడు. మా నాన్న నవ్వాడు గానీ కప్పు ఆగినంతసేపూ అందరూ దాన్నే చూశారు.

ఆయనకి ఈ ఆట ఎలా పట్టుకుందో నాకు కొన్ని డజన్లసార్లు చెప్పి ఉంటాడు. ఓడ చెడిపోయి అమెరికాలో ఒక రేవులో నెలన్నర ఆగిపోయింది. చర్చి వాళ్ళెవరో ఓడవాళ్ళని వ్యానులో ఎక్కించుకుని ఒక మ్యాచికి తీసుకెళ్ళారు. చిట్టచివరి వరసలో కూర్చోబెట్టారు. ఒక కుర్రాడు, అప్పుడే ఆటలోకి వచ్చినవాడు, "గెడకర్రలాగ సన్నం" అనేవాడు మావయ్య, బ్యాటు పట్టుకుని వచ్చాడు. ఇక్కడికొచ్చేసరికి ఆయన తప్పకుండా కుడిచేతి వేలు చెవి మీద పెట్టుకునేవాడు.

"ముందు సప్పుడు రానేదు పాపా. బంతి లేసింది. లేసిన తరవాత వచ్చింది సప్పుడు. అంత దూరంలో ఉన్నాం మేం. ఆ బంతి తిన్నగా మా కాడికే వచ్చి రెండు వరసల ఎదర పడింది."

ఆ రోజు నుంచి ఆ కుర్రాడు "మావోడు" అయిపోయాడు. ఓడ ఏ రేవుకి వెళ్ళినా ఇంగ్లీషు పేపర్లు వెతికేవాడు. గుమాస్తా అయ్యాక, ఆఫీసు అవగానే నడిచి ఒక విదేశీ లైబ్రరీకి వెళ్ళి పాత పేపర్లు తిరగేసేవాడు. మావోడు బంతిని మైదానం దాటించిన ప్రతిసారీ ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. ఏ రోజు, ఏ ఊరు, విసిరింది ఎవరు, గాలి ఎటుంది. తెలుగులో రాసేవాడు. ఎందుకని అడిగితే, "ఇంగ్లీషులో రాస్తే ఆపీసు పనిలాగుంటాది," అన్నాడు.

మావోడు ఏదో పేపర్లో, నా బలమంతా మా అమ్మ పెట్టిన చిక్కుడు గింజలే అన్నాడట. ఆ మాట మా వీధంతా తెలుసు. మావయ్య ఇంట్లో పొద్దున్నే పేబ్యో, అంటే ఉడకేసిన బఠాణీ, తినడం ఎలాగూ ఉంది. "సూసినావా, ఆడూ గింజలే, మనమూ గింజలే," అనేవాడు అత్తతో. అత్త లుంగీలు కుట్టేది. మిషను ఆపకుండానే, "తిని నాలుగంతస్తులు రొప్పకండా ఎక్కండి, అప్పుడు సూద్దాం," అనేది.

మావోడి సంగతి బయటపడే నాటికి నేను మా నాన్న మందుల షాపులో కొత్తగా కూర్చుంటున్నాను. ఒక మధ్యాహ్నం మావయ్య ఆఫీసు మానేసి వచ్చాడు. గొడుగు మడవకుండానే లోపలికొచ్చి, చేతిలో కాగితం మీద రాసుకున్న మాట చూపించాడు. స్టెరాయిడ్.

"ఇది ఏటి పాపా?"

నేను నేర్చుకున్నదంతా చెప్పాను. ఇందులో చాలా రకాలున్నాయని, కొన్ని ఉబ్బసానికీ వాపులకీ ప్రాణం నిలబెట్టడానికి ఇస్తారని, కొన్ని కండలు పెంచుకోవడానికి దొంగతనంగా వాడతారని. ఆయన మొదటి సగం విన్నట్టు లేడు.

"తింటే బంతి దూరం ఎల్తాదా?"

"కండ పెరుగుతుంది మావయ్యా. బంతిని చూడ్డం మందు నేర్పదు కదా."

"అందరూ అదే అంటన్నారు," అన్నాడు. "ఆడు తిననేదంటన్నాడు. తిననేదని అమ్మ మీద ఒట్టేసినాడు. అమ్మ మీద అబద్ధం ఒట్టెయ్యడు."

దాదాపు ఏడాది ఆ ఒట్టు పట్టుకుని వేలాడాడు. తర్వాత మావోడు ఒప్పుకున్నాడు. టీవీలో కళ్ళు తుడుచుకుంటూ ఒప్పుకున్నాడు. ఆ వారం అత్త నన్ను పైకి రమ్మని కబురు పెట్టింది. వెళ్ళేసరికి మావయ్య నేల మీద చాప వేసుకుని నోటుబుక్కులన్నీ పరుచుకుని కూర్చున్నాడు. పక్కన మావోడి ఫోటోలు, పేపర్లలోంచి కత్తిరించినవి, ఏ ఏటివి ఆ ఏటికి.

"ఏం చేస్తున్నారు మావయ్యా?"

"ఇందులో ఏయి ఆడివి, ఏయి మందువి? అది తెలాల నాకు." ఒక ఫోటో నాకిచ్చాడు. "ఇక్కడ మెడ సూడు. ఇంకో రెండేళ్ళకి సూడు. మెడేది? మొకం గుండ్రంగా అయిపోనాది. ఇన్నాళ్ళూ నా ఎదరే ఉంది. సూసినాను, సూసి కూడా బాగా తింటన్నాడు అనుకున్నాను." కోపం ఎవరి మీదో నాకు అర్థం కాలేదు. మావోడి మీదా, తన కళ్ళ మీదా.

మూడు రోజులు అలా విడదీశాడు. మెడ కనిపించినంతవరకు పెన్సిలుతో ఒక గీత. ఎన్ని పోయినా ఫర్వాలేదు, ఆ రేవులో తను కళ్ళారా చూసినది ఒక్కటి మిగిలితే చాలని ఆయన ఆశ. గెడకర్రలాగ సన్నంగా ఉన్నప్పటిది. తర్వాత లైబ్రరీలో పూర్తి ఇంటర్వ్యూ దొరికింది. ఎప్పట్నుంచి అని అడిగితే, మొదట్నుంచే, నన్ను ఆటలోకి తీసుకున్న ఏడాది నుంచే అన్నాడు మావోడు.

మావయ్య నోటుబుక్కులు పారెయ్యలేదు. తాడుతో కట్టి మంచం కింద పెట్టాడు. అత్త వాటిని తుడిచి తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేది. ఆయన మళ్ళీ ఆ కట్ట విప్పలేదు. చెవి మీద వేలు పెట్టి చెప్పే ఆ కథ కూడా మానేశాడు. ఎవరైనా అడిగితే, "అదేటో, మరిసిపోనాను," అనేవాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక జపాన్ ఆయన ఊరికి ఉత్తరాన ఒక మైదానంలో పిల్లలకి బేస్‌బాల్ నేర్పుతున్నాడని తెలిసింది. మావయ్య అప్పటికి ఉద్యోగం మానేశాడు. ఒక ఆదివారం బస్సెక్కి చూడ్డానికి వెళ్ళినవాడు అంపైరై తిరిగొచ్చాడు. ఆట నియమాలు ఆయనకి తెలిసినట్టు ఆ జపాన్ ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలీవు. కొన్నాళ్ళకి ఆ జపాన్ ఆయన వెళ్ళిపోయాడు. పిల్లలు పెద్దయ్యారు. కొందరు దేశం దాటిపోయారు. బ్యాంకుల్లో, ఫోన్ షాపుల్లో, లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీల్లో పని చేసుకునే ఇరవై మంది దాకా మిగిలారు. వాళ్ళకి ఆయన "ఫోఫో", అంటే తాత.

ఒకసారి నేను చూడ్డానికి వెళ్ళాను. ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చి జారి పడింది. ఆయన ఔట్ అని చెయ్యెత్తాడు. ఆట సాగిపోయింది. రెండు నిమిషాలయ్యాక ఉన్నట్టుండి ఆట ఆపి మధ్యకి నడిచి వెళ్ళాడు. నాకు దుమ్ములో కాలు కనపడలేదు, చూసినట్టు చెప్పేశాను, అది తప్పు, ఆమె ఔట్ కాదు అని బర్మీస్‌లో చెప్పాడు. రెండు జట్లూ గోల చేశాయి. ఆయన అలాగే నిల్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "ఆటలో మందొక్కటే కాదు పాపా దొంగతనం," అన్నాడు.

ఊపిరి సమస్య ఎప్పట్నుంచో ఉంది. ఓడల్లో పైపుల పట్టీల దుమ్ముతో మొదలై ఉండొచ్చని డాక్టరు అన్నాడు. డెబ్బై దాటాక అది ముదిరింది. నాలుగంతస్తుల మెట్లు ఆరుచోట్ల ఆగి ఎక్కేవాడు. తర్వాత దిగడమే మానేశాడు. మా మేడల్లో అందరిలాగే ఆయన బాల్కనీ నుంచి కూడా ఒక తాడు, చివర క్లిప్పు, కిందికి వేలాడుతుండేది. మందుల పొట్లం దానికి తగిలించి తాడు లాగితే పైన గంట మోగేది. అంతకుముందు అత్త గబగబా లాక్కునేది. తర్వాత మావయ్యే కుర్చీలో కూర్చుని, జానెడు జానెడు లాగుతూ, మధ్యలో ఆగుతూ లాగేవాడు. ఆ పొట్లం గాల్లో ఆగి మళ్ళీ కదిలేదాకా నేను కిందే నిల్చునేదాన్ని.

క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరు మాత్రలు రాశాడు. ఇవేమిటని మావయ్య అడిగాడు. స్టెరాయిడ్ అన్నాడు డాక్టరు. మావయ్య ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి మర్యాదగా బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాడు.

నేను ఎన్ని విధాల చెప్పానో. "అది వేరు, ఇది వేరు మావయ్యా. పేరొకటే. ఇది కండ పెంచదు. లోపలి వాపు తగ్గిస్తుంది. మీరేం ఆటకి పోవడం లేదు కదా."

"నాకు తెలుసు పాపా. నాను సదువుకున్నాను." నిజంగానే చదువుకున్నాడు, నాకన్నా ఎక్కువే. "ఆ పేరున్నది నా నోట్లోకి పోదు. అదొక్కటీ అడక్కు."

ఆ నెలలో ఒక మధ్యాహ్నం అత్త షాపుకి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ కౌంటర్ బయటే నిల్చునేది. ఆ రోజు తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. ఇక్కడి ఆడవాళ్ళు రోజూ మొహాన పూసుకునే తనకా గంధం కూడా రాసుకోలేదు.

"రాత్రంతా కూకునే ఉంటన్నాడు పాపా. పడుకుంటే ఊపిరాడదు. నాను పక్కన కూకుని ఊపిరి లెక్కపెడతన్నాను. ఆయనకి పట్టుదల ఉంది. నాకు ఆయనొక్కడే ఉన్నాడు."

"ఏం చెయ్యమంటావత్తా?"

"నువ్వు ఇటమిన్ను మాత్రలని సెప్పి ఇయ్యి. నువ్విస్తే తింటాడు. నీ మాట నమ్ముతాడు."

నేను వెంటనే ఒప్పుకోలేదని చెప్పుకోవాలని ఉంది. కానీ వెంటనే ఒప్పుకున్నాను. డాక్టరుకి ఫోన్ చేసి మావయ్య ఒప్పుకున్నాడని చెప్పి మోతాదు కనుక్కున్నాను. మాత్రలు పట్టీల్లోంచి ఒక్కొక్కటే నొక్కి తీసి, ఖాళీ విటమిన్ సీసాలో పోసి, మూత బిగించి ఇచ్చాను. ఆయన ఆ సీసా తీసుకుని, "నీ సెయ్యి మంచిది," అన్నాడు.

వారం తిరక్కుండా పడుకుని నిద్రపోయాడు. పది రోజులకి మెట్లు దిగాడు. నెల తిరిగేసరికి మైదానానికి వెళ్ళాడు. ఇంట్లో కుర్చీలో కూర్చుని తనే ఒక ఊపిరి సాధన కనిపెట్టుకున్నాడు, ముక్కుతో పీల్చి పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలడం. అంతా దానివల్లే అనుకున్నాడు. వీధిలో అందరికీ నేర్పడం మొదలుపెట్టాడు. టీ షాపు వాడికి, కూరగాయలావిడకి, మా నాన్నకి. అత్తా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకునేవాళ్ళం కాదు.

ఆ ఎండాకాలంలో ఒక ఆదివారం ఆట అయ్యాక కుర్రాళ్ళు సరదాగా, ఫోఫో మీరూ ఒకసారి చుట్టూ పరిగెత్తండి అన్నారట. ఆయన టోపీ తీసి ఒకరి చేతికిచ్చి నాలుగు మూలలూ చుట్టి వచ్చాడు. పరుగు అనలేం, గబగబా నడక. మూడో మూల దగ్గర కాసేపు నిల్చున్నాడట గానీ చివరిదాకా వచ్చాడు. అందరూ చుట్టూ చేరారు. అప్పుడాయన, చూశారా, మందూ మాకూ ఏమీ లేదు, మనిషి తల్చుకుంటే ఊపిరి తనే దారికొస్తుంది అన్నాడట. సాయంత్రం షాపులోకొచ్చి ఇదంతా చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోతోంది. నేను బాగుంది మావయ్యా అన్నాను.

వానలు మొదలయ్యే ముందు జట్టు అంతా కలిసి ఫోటో తీసుకుంది. ఎవరో దాన్ని అచ్చు వేయించి ఆయనకిచ్చారు. అంతకుముందు ఏడాది ఫోటో గోడకి ఉంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, వీధిలో జనం లేని వేళ, ఆయన రోడ్డు దాటి వచ్చాడు. సీసా, రెండు ఫోటోలు గాజు కౌంటర్ మీద పెట్టాడు.

"ఇది ఏటి పాపా?"

"విటమిన్ మావయ్యా." నోటికి అలవాటైపోయింది.

ఆయన రెండు ఫోటోలూ పక్కపక్కన జరిపాడు. పాత దాంట్లో బుగ్గలు లోపలికి పోయి, ఎముకలు కనపడుతూ ఉన్నాడు. కొత్త దాంట్లో మొహం నిండుగా, గుండ్రంగా ఉంది. మెడ పొట్టిదైపోయింది. పదిహేనేళ్ళ కిందట చాప మీద కూర్చుని ఆయన నేర్చుకున్న చదువు అది. ఇక నేను చెప్పాల్సిందేమీ లేదు.

"నేనే ఇచ్చాను," అన్నాను. "అత్తనేమీ అనకండి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కేక వెయ్యలేదు. "ఎన్నాళ్ళై?"

"నాలుగు నెలలు దాటింది."

వేళ్ళ మీద నెలలు వెనక్కి లెక్కపెట్టుకున్నాడు. "అయితే ఆ రోజు కూడా."

"ఆ రోజు కూడా."

కౌంటర్ మీది కొత్త ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నన్ను చూసి అడిగాడు. అడిగిన తీరులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"ఆ రోజు పరిగెత్తింది నానేనా పాపా, లేపోతే మందా?"

"మందు దారి తెరిచింది మావయ్యా. పరిగెత్తింది మీరే."

"ఆడూ అదే అన్నాడు," అన్నాడు మావయ్య. "మందు ఒంటికి, కొట్టింది నానే అని. నాను ఒప్పుకోనేదు."

మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదమని, ఒళ్ళు ఒక్కసారిగా కూలిపోతుందని చెప్పి బతిమాలాను. నాకు ఏడుపొచ్చింది. ఆయన సీసా మూత తీసి లోపలికి చూసి మళ్ళీ బిగించాడు.

"ఆపనులే. ఇంటికాడ మీ అత్త మొకం సూసే వచ్చినాను." లేచి నిల్చున్నాడు. "కానీ ఇక సీసాలో ఒద్దు. పట్టీలోనే ఇయ్యి. దాని పేరు దాని మీద ఉండాల. ఆదివారం నాతో రా. ఇచ్చినదానివి నువ్వు, పక్కనుండు."

ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. మైదానంలో ఆట మొదలవకముందే అందర్నీ మధ్యకి పిలిచాడు. అంపైరు టోపీ చేతిలో పట్టుకున్నాడు. బర్మీస్‌లో, ఆఫీసులో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడే మర్యాదతో మాట్లాడాడు. నేను మీకు అబద్ధం చెప్పాను. తెలీక చెప్పాను, కానీ చెప్పాను. ఆ రోజు నేను మందు మీద పరిగెత్తాను. మందు లేదని మీకు గొప్పలు చెప్పాను. ఇక నుంచి నేను ఇక్కడ తీర్పు చెప్పను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఒకరిద్దరు నవ్వారు. బ్యాంకులో పనిచేసే అమ్మాయి, అప్పటికి జట్టుకి నాయకురాలు, "ఫోఫో, అది జబ్బు మందు కదా. మా అమ్మమ్మా వాడుతుంది. పైగా మీరు ఆటగాడు కాదు, అంపైరు," అంది.

"ఆటగాడైతే తన ఒక్కడి ఆటే పోతుంది," అన్నాడు ఆయన. "అంపైరు మాట నమ్మకపోతే అందరిదీ పోతుంది."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఏదైనా చెప్పమన్నట్టు. నేనే ఇచ్చాను, ఆయనకి తెలీదు, తప్పు నాది అన్నాను. ఆయన తల ఊపి, నిజమే, ఈమె ఇచ్చింది, కానీ మీకు గొప్పలు చెప్పింది నేను అన్నాడు. టోపీ ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. ఆమె తీసుకోవాలా వద్దా అన్నట్టు కాసేపు అలాగే పట్టుకుంది. ఆయన చేతులు ఖాళీ అయ్యాక వాటిని ఏం చెయ్యాలో తెలీనట్టు లుంగీ ముడి సరిచేసుకున్నాడు. మేం వచ్చేస్తుంటే వెనక ఆట మొదలైన చప్పుడు వినిపించింది. ఆయన వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర బతికాడు. ఒక్క మాత్ర మానలేదు. ఒక్క ఆదివారం కూడా మైదానానికి పోలేదు. రెండుసార్లు జట్టు వాళ్ళు మేడెక్కి వచ్చి రమ్మని అడిగారు. టీ ఇప్పించి, యోగక్షేమాలు అడిగి పంపించాడు. అత్త మిషను దగ్గర్నుంచి నాకేసి చూసేది. నీదే పాపం అని కాదు, మనిద్దరిదీ అని. ఊపిరి ఆడుతుంటే ఆయన ఎక్కడికి పోవాలని అనుకున్నామో, ఆ ఒక్క చోటే ఆయనకి లేకుండా పోయింది.

చివరి రోజుల్లో ఆక్సిజన్ మిషను పెట్టారు. కరెంటు నాలుగు గంటలుంటే నాలుగు గంటలు పోయేది, అప్పుడు బ్యాటరీ మీద. ఒక మధ్యాహ్నం నేనే పైకి మాత్రలు తీసుకెళ్ళాను. ఫోన్‌లో మావోడి కొత్త ఇంటర్వ్యూ ఒకటి వచ్చింది. చూపించాలా వద్దా అని కాసేపు ఆలోచించి చూపించాను. మావోడికి జుట్టు తెల్లబడింది. సన్నబడ్డాడు, మళ్ళీ మెడ కనపడుతోంది. మా ఇంట్లోవాళ్ళకి, నాతో ఆడినవాళ్ళకి, మా ఊరికి క్షమాపణ చెబుతున్నాను అన్నాడు.

మావయ్య చివరిదాకా విని ఫోన్ నాకిచ్చేశాడు. "ఆడికి నానొకణ్ణి ఉన్నానని తెల్దు కదా," అన్నాడు. మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. "తెలిస్తే నాకూ సెప్పునేమో. నువ్వు నయం పాపా. ఎదర నిల్చుని సెప్పినావు."

అలా ఊరుకుని ఆ మాట దాచుకుని ఉండొచ్చు. ఊరుకోలేకపోయాను.

"మీరు ఫోటోలు తెచ్చాక చెప్పాను మావయ్యా. తేకపోయి ఉంటే ఇప్పటికీ సీసాలోనే ఇస్తూ ఉండేదాన్ని."

"తెలుసు," అన్నాడు.

చెయ్యి చాపాడు. పట్టీ ఇచ్చాను. కిటికీ వెలుగుకి పెట్టి, ఆ పేరు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పైకి పలుకుతూ చదివాడు. ఒక మాత్ర నొక్కి తీసి వేసుకున్నాడు. అత్త నీళ్ళిచ్చింది. గుక్కెడు తాగి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుని నేను లేవబోయాను.

"ఇయ్యాల ఏ వారం పాపా?"

"ఆదివారం మావయ్యా."

"అయితే ఈపాటికి ఆడతా ఉంటారు," అన్నాడు.